కప్పులు బోర్లించిన రోజు

ఆ రోజుకి రిసెప్షనిస్టు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు చేరి, టీ గదిలో కూర్చుని, కొరకరాని కొయ్యలా మిగిలిపోయిన ఒక లెక్కను తేల్చెయ్యాలి. భోజనం వేళలో ఫోనులో ప్రోగ్రామింగ్ పరీక్ష రాయాలి. పాసైతే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ఒకసారి తప్పింది, ఇది ఆఖరి అవకాశం. ఇదీ పోతే ఈ కుళాయిల కంపెనీలో ఫోనెత్తి "చెప్పండి" అంటూనే జుట్టు నెరవాలి.

"ఈ వయసులో నీకెందుకీ తిప్పలు?" అన్నాడు భర్త, గుమ్మందాకా వచ్చి.

"విసుగు ఈ వయసులోనే వచ్చింది మరి" అని ఆవిడ చెప్పులు వేసుకుంది.

లెక్క ఇదీ: కొందరు గుండ్రంగా కూర్చుంటారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ప్రతి మూడోవాణ్నీ పంపేస్తూ పోతే చివరికి మిగిలేదెవరు? కాగితం మీద ఎంతకీ బుర్రకెక్కలేదు. అందుకని అరలోని ఏడు కప్పుల్నీ తీసి బల్లమీద గుండ్రంగా పేర్చింది. ఆ ఆఫీసులో ఎవరి కప్పు వారిదే, ఒక్కోటీ ఒక్కో రంగు. తలుపు వైపు నుంచి లెక్కపెట్టి మూడోదాన్ని బోర్లించింది.

అప్పుడే స్టోర్‌కీపరు లోపలికొచ్చాడు. "అక్కా, నా కప్పెందుకు బోర్లించావ్?"

"నువ్వు పోయావ్. మాట్లాడించకు, లెక్క తప్పుతుంది."

"పోయానా? నేనేం చేశాను?"

"ఏం చెయ్యక్కర్లేదు. ప్రతి మూడోవాడూ పోవాలి. అలాగే ఇచ్చారు."

మేనేజరు ఉత్తరాలన్నీ టైపు చేసేది ఆవిడే. అందుకే ఆ మాట మీద స్టోర్‌కీపరుకి రవ్వంత అనుమానం కూడా రాలేదు. కాసేపట్లో ఉద్యోగాలు ఊడుతున్నాయన్న వార్త ఆఫీసంతా గుప్పుమంది. అకౌంటెంటు పరుగున వచ్చాడు.

"అమ్మా, మా పెద్దదాని చదువింకా అవలేదు. నా సంగతి కాస్త చూడు."

"మీరు రెండోసారికే పోయారు సార్. నా చేతుల్లో ఏముంది?" అంది ఆవిడ, తల ఎత్తకుండానే. ఆయన పరుగున వెళ్ళి కప్పుల సంగతి మిగతావాళ్ళకి చెప్పాడు.

ఇంతలో ఫోను మోగి ఆవిడ బయటికి వెళ్ళింది. ఒక్కొక్కరే పిల్లుల్లా లోపలికొచ్చి, కప్పులు నిలబెట్టి, ఎవరి కప్పు వారు ఇంకో చోటికి జరుపుకున్నారు. ఆవిడ తిరిగొచ్చి, ఎవరో కదిపారని గమనించకుండానే మళ్ళీ లెక్కపెట్టింది. ఇందాక మిగిలింది తన కప్పు. ఇప్పుడు డ్రైవరుది! ఇంకో ఫోను అయ్యాక చూస్తే అకౌంటెంటుది! ఈ మాత్రం లెక్క రానిదానికి ప్రోగ్రామింగెందుకని ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కొంగు బిగించి మళ్ళీ మొదలుపెట్టింది.

ఈసారి ఉన్నట్టుండి ఆగిపోయింది. రంగులు మారుతున్నాయి గానీ, మిగిలే కప్పు ఎప్పుడూ అదే చోట ఉంటోంది.

"మనిషిని కాదు చూడాల్సింది, చోటుని!" అని అరిచింది. "ఎవరు కూర్చున్నా సరే, నాలుగో చోట ఉన్నవాళ్ళే మిగులుతారు!"

తలుపు చాటున నక్కినవాళ్ళంతా విన్నారు. ఆవిడ పరీక్షకి పరుగెత్తగానే కప్పులన్నీ నాలుగో చోటు మీద పడ్డాయి. భోజనం వేళంతా సాగిన తోపులాటలో అకౌంటెంటు కప్పు చెవి ఊడింది. గోల విని వచ్చిన మేనేజరు, బోర్లాపడి ఉన్న తన కప్పుని చూసి, విషయం తెలుసుకుని నీరుగారిపోయాడు. కంపెనీ యజమాని ఆయనకు స్వయానా పిల్లనిచ్చిన మామ. అందరిముందే ఫోను చేశాడు.

"మామయ్యగారూ, నన్ను తీసేసేముందు ఒక్కమాట చెప్పాల్సింది."

"నీకేమైనా మతిపోయిందా అల్లుడూ? నిన్నే కాదు, ఒక్కర్ని కూడా తీసెయ్యను. కావాలంటే అందరికీ రాసిస్తాను."

టీ గదిలో కేరింతలు మిన్నంటాయి. సరిగ్గా అప్పుడే రిసెప్షనిస్టు తడికళ్ళతో, చేతిలో ఫోనుతో వచ్చింది.

"నేను వెళ్ళిపోతున్నానండీ" అంది.

"ఏడవకమ్మా, ఎవర్నీ తీసెయ్యరు. మామయ్యగారు మాటిచ్చారు!" అన్నాడు మేనేజరు.

"తీసెయ్యడమేంటండీ? పరీక్ష పాసయ్యాను. కొత్త ఉద్యోగం వచ్చింది. ఈ కప్పుల లెక్కే అడిగారు."

స్టోర్‌కీపరు తన కప్పుని గుండెకు హత్తుకుని అడిగాడు. "మా అందరి ప్రాణాలూ తోడేసి, పోయేది నువ్వొక్కదానివేనా అక్కా?"

"నేనొక్కదాన్నే తమ్ముడూ" అని ఆవిడ ఏడుస్తూనే నవ్వేసింది.

కొత్త రిసెప్షనిస్టు కోసం మేనేజరు ఇచ్చిన ప్రకటనలో, లెక్కలు రానివారికి ప్రాధాన్యం అని ఉంది.