పదకొండు లీకుల గోడ

ఆ ఉదయం ప్లంబింగ్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి బయటి పరిశీలకులు కాలేజీకి వస్తారు, పిల్లల చేత ఆయన లీకులు పట్టిస్తారు, వాళ్లు గ్రేడు వేసి వెళ్లిపోతారు. రెండేళ్లుగా ప్లంబింగ్ విభాగానికి అట్టడుగు గ్రేడే వస్తోంది. ఈసారీ అదే వస్తే విభాగం మూసేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. పంతొమ్మిదేళ్లుగా ఆ వర్క్‌షాపే లోకంగా బతికిన మాస్టారికి ఆ కాగితం చూసినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు.

అయినా ఆయన ధైర్యం ఆయనకుంది. వర్క్‌షాపు గోడ నిండా పైపులు బిగించి, వాటిలో తన చేతులతో, ముచ్చటపడి, పదకొండు లోపాలు పెట్టుకున్నారు. ఒకచోట అరిగిన వాషరు, ఒకచోట చిట్లిన పైపు, ఒకచోట పట్టు వదిలిన బిగింపు. నీళ్లు ఒకచోట కారతాయి, కారణం ఇంకోచోట ఉంటుంది. ఆ కారణాన్ని పట్టుకోవడమే ఆయన పాఠం.

తొమ్మిదింటికి తలుపు తీస్తే గోడ పొడిగా ఉంది. కింద బకెట్టు ఖాళీ. పైపులకు నీలం రంగు కూడా వేసి ఉంది. మాస్టారు నేరుగా ప్రిన్సిపాల్ గదికి నడిచారు.

ప్రిన్సిపాల్ ఆయనకు స్వయానా బావమరిది. మాస్టారు అతన్ని ఇంట్లో "ఒరేయ్", కాలేజీలో "సార్" అనాలని వాళ్లిద్దరి ఒప్పందం.

"సార్, నా లీకులేవి?"

"నిన్న సాయంత్రం అన్నీ బాగుచేయించేశా బావా... అదే, మాస్టారూ! ఎన్నేళ్లుగా కారుతున్నాయండీ అవి? ప్లంబింగ్ విభాగంలోనే లీకులంటే పరిశీలకులు నవ్విపోరూ?"

"అవి నా పాఠ్యపుస్తకం సార్!"

"అంటే... కావాలని పెట్టినవా?"

"కావాలనే! ఒక్కొక్కటీ ఏరికోరి పెట్టుకున్నా!"

ప్రిన్సిపాల్ నాలిక్కరుచుకున్నాడు. అంతలోనే తేరుకున్నాడు. "ఇంకా గంట టైముంది కదా. మళ్లీ పాడుచేసేద్దాం. పాడుచేయడం ఎంతసేపు?"

అక్కడే అతను పప్పులో కాలేశాడు. పన్నెండుమంది పిల్లలు రెంచీలు పట్టుకుని గోడ మీద పడ్డా ఒక్క బిగింపూ కదల్లేదు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని పైపు మరల మీద నీళ్లు కారకుండా టేపు చుట్టిన తీరు చూశారు.

"ఎవర్ని పిలిపించారు సార్?"

"వీధి చివర ప్లంబర్ని. ఇక్కడే చదివాట్ట."

"అయితే ఇంక ఊడదు," అన్నారు మాస్టారు. ఏడవాలో నవ్వాలో ఆయనకు తెలియలేదు. "ఆ చుట్టడం నేను నేర్పిందే."

పదింటికల్లా పరిశీలకులు వచ్చేశారు. ఒక పొడుగాటావిడ, ఒక బొద్దాయన. పక్క గదిలో వాళ్ల కోసం అరవై ఏడు ఫైళ్లు నేల మీద పేర్చి ఉన్నాయి. ప్రిన్సిపాల్ అటు దారి చూపించబోయాడు.

"ఫైళ్లు తర్వాత. ముందు క్లాసు చూద్దాం," అంది పొడుగాటావిడ.

మాస్టారు పొడి గోడ ముందు నిలబడి గొంతు సవరించుకోవడం మొదలుపెట్టారు. అలా ఎంతసేపని సవరించుకుంటారు? బావ అవస్థ చూసి ప్రిన్సిపాల్ ఆగలేకపోయాడు. ఒక్క లీకు చాలదా అనుకుని పెద్ద రెంచీ తీసుకుని గోడ వెనక్కి జారుకున్నాడు. అక్కడ నిన్నటి ప్లంబరు చెయ్యి పడని లావుపాటి పైపు ఒకటి కనబడింది. కాలేజీ మొత్తానికి నీళ్లొచ్చేది ఆ పైపులోంచే. ఆ సంగతి అతను ఎవర్నీ అడగలేదు, బిగింపుకి రెంచీ తగిలించి బలం కొద్దీ తిప్పాడు.

ఠప్పుమని శబ్దం. నీళ్లు గోడ పక్కనుంచి వర్క్‌షాపులోకి, అక్కణ్ణుంచి ఫైళ్ల గదిలోకి పరుగెత్తాయి.

"ఒరేయ్! ఏం చేశావురా?" ఒప్పందం గాలికి వదిలేసి అరిచారు మాస్టారు.

క్లాసులో అందరూ బుల్లి రెంచీ అని పిలిచే అమ్మాయి, నీళ్లు కట్టెయ్యడానికి మూలనున్న వాల్వు మీదికి దూకింది. తిరగలేదు. "రంగేసి అతికించేశారు మాస్టారూ!" అంటూ బయటి గేటు దగ్గరున్న వాల్వు కట్టడానికి పరుగెత్తింది. మిగతావాళ్లు గోడ వెనక గుడ్డలతో పైపు అదిమిపట్టారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మాస్టారు ఇంకో మాట అనేలోపు నీళ్లు ఆగాయి, మరో పది నిమిషాల్లో కొత్త బిగింపు పడింది.

స్టూలెక్కి నిలబడ్డ పొడుగాటావిడ, తిరిగొచ్చిన అమ్మాయిని అడిగింది. "పైపు పగిలితే నువ్వు గేటు దగ్గరికెందుకు పరుగెత్తావమ్మా?"

"ముందు నీళ్లొచ్చే దారి కట్టెయ్యాలండి. తర్వాతే పగిలిన చోటు. ఆ తర్వాత కారణం వెతకాలి."

"మరి కారణం దొరికిందా?"

"ఆ సారండి," అని వేలు చూపించింది.

రెంచీతో, నిలువునా తడిసి నిలబడ్డ ప్రిన్సిపాల్ ఒకసారి బావ మొహం చూశాడు. "అవునండీ," అన్నాడు గంభీరంగా. "కావాలనే పెట్టాం."

రెండు వారాలకు నివేదిక వచ్చింది. ప్లంబింగ్ విభాగానికి అత్యుత్తమ గ్రేడు. ప్రిన్సిపాల్ స్వయంగా ప్రమాదం సృష్టించి, తాను తడుస్తూ బోధనకు తోడ్పడడం మరే కాలేజీలోనూ చూడలేదని మెచ్చుకున్నారు. పరిపాలనకు మాత్రం తడిసిన ఫైళ్లు చదవడానికి వీలులేక అట్టడుగు గ్రేడు వేశారు.

మాస్టారు రెండుసార్లు చదువుకుని కళ్లు తుడుచుకున్నారు. "విభాగం బతికిందిరా," అన్నారు, కాలేజీలోనే.

నివేదిక చివర, ఈ పాఠాన్ని ఏడాదికి రెండుసార్లు ఇదే పద్ధతిలో నిర్వహించాలని సూచన ఉంది. ప్రిన్సిపాల్ బీరువాలో ఇప్పుడు ఫైళ్ల పై అరలో ఒక తువ్వాలు, ఒక జత పొడి బట్టలు ఉంటున్నాయి.