ఆత్మకు లోటు రాకుండా

మా మామగారు ఏళ్ల తరబడి రంగస్థలం మీద చంపుతూ వస్తున్న అమ్మాయిని ఇకమీదట ఎవరూ చంపరాదని సినిమా నిర్మాతగారు నిర్ణయించారు. ఈ శుభవార్తను సాహిత్యాభిమానులందరికీ తెలియజేయడానికి మా కుటుంబం సంతోషిస్తోంది. సంతోషించని మనిషి మామగారు ఒక్కరే. ఆయన కేవలం రచయిత కాబట్టి ఆ అసంతృప్తిని లెక్కలోకి తీసుకోలేదు.

నాటకం పేరు ‘గడియ’. చూడనివారి కోసం కథ చెబుతాను. చూశామని చెప్పుకుని తిరిగేవారికి కూడా పనికొస్తుంది. తన మాట కాదని ఇష్టపడ్డవాడితో వెళ్లిపోయిన కూతురి మీద కోపంతో ఒక పెద్దమనిషి తలుపుకు గడియ వేసి, ఇక తీసేది లేదంటాడు. ఒక వానరోజు ఆ అమ్మాయి ఒళ్లు కాలిపోయే జ్వరంతో తిరిగొచ్చి తలుపు తడుతుంది. లోపల తండ్రి, తల్లి, అన్న, వదిన ఉంటారు. నలుగురికీ తీయాలనే ఉంటుంది. భార్య ఒక్క మాట బతిమాలితే తీద్దామని తండ్రి, కొడుకు లేస్తే తనూ లేద్దామని తల్లి, నాన్న కనుసైగ చేస్తే చాలునని అన్న, బయటినుంచి వచ్చినదాన్ని నాకెందుకని వదిన. ఇలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండగానే చప్పుడు ఆగిపోతుంది. అప్పుడు నలుగురూ ఒకేసారి లేస్తారు. తెర పడుతుంది.

ఇందులో దుర్మార్గుడు ఒక్కడూ లేడు. ఇది పెద్ద లోపమని సినిమావాళ్లు మొదటిరోజే కనిపెట్టారు.

ఆ మొదటిరోజు దర్శకుడు, నిర్మాత, వాళ్ల సహాయకులు మా ఇంటికి వచ్చారు. ముందుగదిలో కుర్చీలు చాలక దర్శకుడుగారు దివాన్ మీదే నేనింకా మడతపెట్టని బట్టల పక్కన సర్దుకున్నారు. మామగారు పెట్టిన షరతు ఒక్కటే.

“పేర్లు మార్చుకోండి బాబూ, ఊరు మార్చుకోండి, కాలం మార్చుకోండి. ఆత్మ మాత్రం పోకూడదు.”

దర్శకుడి కళ్లు చెమర్చాయి. “ఆత్మ లేకపోతే జనం ఎందుకొస్తారు సార్? నా కిందటి మూడు సినిమాలూ ఆడింది ఆత్మ వల్లే” అన్నారు. సహాయకుడివైపు తిరిగి, “రాసుకో. ఆత్మ ఉండి తీరాలి” అన్నారు.

వాళ్లు వెళ్లాక మామగారు చాలాసేపు అటూ ఇటూ నడిచారు. “ఈ కాలంలో కూడా ఇంత తెలిసిన కుర్రాళ్లు ఉన్నారే” అన్నారు.

“ఆ తెలిసిన కుర్రాడు ఉతికిన తువ్వాలుతో పకోడీ నూనె తుడుచుకున్నాడు” అన్నారు అత్తగారు.

తరవాత కథాచర్చలు జరిగాయి. వాటి పురోగతిని నిర్మాతగారు ఫోనులో ఎప్పటికప్పుడు తెలియజేస్తూ వచ్చారు. నాటకంలో హీరో లేడు కాబట్టి అన్నను హీరోను చేశారు. అయితే హీరో ఇంట్లో ఉండగా తలుపు తెరుచుకోకపోతే అభిమానులు ఒప్పుకోరు. అందుకని ఆ సమయానికి అతన్ని పాట నిమిత్తం మంచుకొండలకు పంపారు. వదినకు తమ్ముడిగా నిర్మాత బావమరిదిని పెట్టి, ఇద్దరినీ హాస్యానికి కేటాయించారు. జ్వరంతో ఉన్న పిల్ల వానలో తడిస్తే ఆడవాళ్లు బాధపడతారని జ్వరం తీసేసి వాన ఉంచారు.

అంతలో ఒక సహాయకుడు, వాడి నోరు పడిపోను, “అమ్మాయి ఫోన్ చేయొచ్చు కదా సార్?” అన్నాడట. ఫోనులో చార్జి లేదని రాశారు. ఫోను కంపెనీవారు ప్రకటనదారులు కాబట్టి, తమ ఫోనులో చార్జి అయిపోవడం వాస్తవ విరుద్ధమన్నారు. సరే, సిగ్నల్ లేదని రాశారు. సిగ్నల్ కంపెనీవారు కూడా ప్రకటనదారులే. చివరికి అమ్మాయి ఫోను చేయడం, తండ్రి మొదటి రింగుకే తీసి, “వస్తున్నానమ్మా” అనడం అనివార్యమైంది.

ఆ మాట విన్నాక మామగారు నన్ను వెంటబెట్టుకుని వాళ్ల ఆఫీసుకు వెళ్లారు. గోడల నిండా గొడ్డళ్లు పట్టుకున్న మనుషుల పోస్టర్లు. మాకు మాత్రం కాగితం గ్లాసుల్లో చల్లారిన కాఫీ ఇచ్చారు.

“ఫోన్ చేస్తే తలుపు తీసేస్తారు. ఇక ఆ పిల్ల ఎలా పోతుంది?” అని అడిగారు మామగారు.

“పోదు సార్” అన్నారు దర్శకుడుగారు ఓదార్పుగా. “ఎవరూ పోరు.”

“మరి నేను చెప్పిన ఆత్మ?”

“అదెలా మర్చిపోతాం? పోయిన నానమ్మ ఆత్మ. తెల్లచీర, పొగ, ఒక పాట. తండ్రి పరిగెత్తుకొస్తాడు, తుప్పు పట్టి గడియ రాదు, అప్పుడు ఆత్మే వచ్చి తీస్తుంది. మీరు ఆత్మ కావాలన్నారు, జనం చావొద్దన్నారు. ఇద్దరి మాటా నిలబెట్టాను సార్. చాలా కష్టపడ్డాను.”

మామగారు కాఫీ గ్లాసు పక్కకు జరిపారు. తరవాత నెమ్మదిగా అన్నారు. “బాబూ, తలుపు తీసేస్తే అక్కడితో అయిపోతుంది. చూసినవాడు చేతులు దులుపుకుని ఇంటికి పోతాడు. ఆ చప్పుడు వాడి చెవిలో ఉండిపోవాలి. నేను రాసిందల్లా అదొక్కటే.”

“చప్పుడు గురించి దిగులు పెట్టుకోకండి” అన్నారు నిర్మాతగారు. “కొత్త సౌండ్ పెడుతున్నాం. నాలుగు గోడల్నుంచీ వినిపిస్తుంది.”

ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నారు. “ఇన్నేళ్లుగా ఆ పిల్లను చంపుతూనే ఉన్నారు. ఒక్కసారి బతకనిస్తే మీ సొమ్మేం పోయింది?” అన్నారు అత్తగారు, చారు వడ్డిస్తూ.

“అది బతికిందని నమ్మితే, రేపు ఎవరి తలుపు తట్టినా ఏదో ఒక ఆత్మ వచ్చి తీస్తుందిలే అనుకుంటారే” అన్నారు మామగారు. అత్తగారు ఇంకో గరిటె చారు పోశారు.

సినిమా ‘గడియ తీస్తే గండమే’ అన్న పేరుతో విడుదలైంది. మొదటి ఆటకు పత్రికలవారితో పాటు మమ్మల్ని కూడా సగౌరవంగా ఆహ్వానించి, పక్కతలుపును ఆనుకుని ఉన్న వరసలో కూర్చోబెట్టారు. అది లోపలినుంచి తోస్తే తెరుచుకునే తలుపు. బయటినుంచి రావడానికి వీల్లేదు. మంచుకొండల పాటను మామగారు భరించారు. బావమరిది హాస్యాన్ని కూడా భరించారు. నానమ్మ ఆత్మ పొగలోంచి వచ్చి నడుము తిప్పగానే, “కాస్త గాలి పీల్చుకుని వస్తానమ్మా” అని నాతో చెప్పి ఆ తలుపు తోసుకుని వెళ్లారు. తలుపు వెనకాలే మూసుకుంది.

తెర మీద వాన మొదలైంది. అమ్మాయి తలుపు తట్టింది. హాలంతా నిశ్శబ్దం. తండ్రి పరిగెత్తాడు, గడియ బిగుసుకుంది, ఆత్మ చేయి చాపింది, తలుపు తెరుచుకుంది. తండ్రీ కూతుళ్లు కౌగిలించుకున్నారు. జనం ఈలలు వేశారు. తట్టే చప్పుడు మాత్రం ఆగలేదు.

“సౌండ్ చూశావా? అచ్చం మన పక్కనుంచే వస్తున్నట్టుంది” అన్నారు మావారు.

“ఎవరో తలుపు కొడుతున్నట్టుంది, కాస్త చూడవే” అన్నారు అత్తగారు నాతో.

“సినిమాలోదే అత్తయ్యా” అన్నాను. అనుమానం లేకపోలేదు. కానీ తలుపు చూసుకోవడానికి హాలువాళ్ల మనిషి ఒకడు ఉంటాడు కదా. అయినా సగం లేచాను. “కూర్చోండమ్మా, తెరకు అడ్డం” అంది వెనకనుంచి ఒక గొంతు. కూర్చున్నాను. చప్పుడు ఇంకాసేపు వినిపించి, తరవాత ఆగిపోయింది. పక్కవరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

దీపాలు వెలిగాక హాలు మనిషి వచ్చి తలుపు తీశాడు. బయట నిజంగానే వాన. మామగారు మెట్ల మీద నిలువునా తడిసి నిలబడి ఉన్నారు.

“ఎవరూ లేవలేదా?” అని అడిగారు.

“లేదు మామయ్యా.”

“ఒక్కరు కూడా?”

ఆయన కళ్లజోడు తీసి, తడి చొక్కాతోనే అద్దాలు తుడుచుకున్నారు. సినిమా మొదలైన నాటినుంచి ఆయన మొహంలో నవ్వు చూడటం అదే మొదలు. “అయితే ముగింపు మార్చడం వాళ్ల వల్ల కాలేదన్నమాట” అన్నారు.

మర్నాడు పత్రికలన్నీ తలుపు తెరుచుకున్నాక కూడా వినిపించే ఆ చప్పుడును వేనోళ్ల పొగిడాయి. దర్శకుడుగారు అది చాలాకాలం ఆలోచించి చేసిన ప్రయోగమని ప్రకటించి, హాలుకొక మనిషి చొప్పున పక్కతలుపుల బయట నియమించారు. ఆ ఘట్టం రాగానే వాళ్లు చేతులు నొప్పిపుట్టేలా తలుపు బాదుతారు. లోపలున్నవారు అన్నిచోట్లా చప్పట్లు కొడుతున్నారని సమాచారం. కిందటివారం ఒక హాల్లో ఎవరో ఒకాయన సీట్లోంచి లేచి తలుపుదాకా వెళ్లాడని తెలిసింది. మామగారు ఫోను దగ్గరే కూర్చుని, వివరాలు కనుక్కోమని మావారి ప్రాణం తీశారు. కనుక్కున్నారు. చప్పుడు కాస్త తగ్గించమని చెప్పడానికి వెళ్లాడట.