గోడ అవతలి పొగ

నిప్పు లేనిదే పొగ రాదన్నారు పెద్దలు. నిప్పు నిక్షేపంగా మండుతున్నా పొగ రాకుండా చేయవచ్చని మా బావ పనిచేసే హోటల్ లోకానికి నిరూపించింది. పెద్దలు ఇక విశ్రాంతి తీసుకోవచ్చు.

బావ అక్కడ బాయిలర్ ఆపరేటర్. గదులకు వేడినీళ్లు, లాండ్రీకి ఆవిరి అన్నీ ఆయన చలవే. ఆ బాయిలర్ పొగకు ఛాతీ పట్టేసి ఏడాదిగా దగ్గుతున్నాడు. హోటల్ ఇచ్చిన వైద్యం కార్డు మీదే మందులు నడుస్తున్నాయి.

ఇంతలో హోటల్ పొగ లెక్క చూడ్డానికి కర్బన ఉద్గారాల అధికారి ఒకాయన వెలిశారు. (పూర్వం విందు హాల్లో కుర్చీలు లెక్కపెట్టేవారు. ఏదైనా లెక్క లెక్కే కదా.) పొగ తగ్గితేనే హరిత ధ్రువపత్రం, అది ఉంటేనే పెద్ద కంపెనీల బుకింగులు. కొలిచి చూస్తే పొగలో ముప్పాతిక వంతు బాయిలర్‌దే. కొత్త బాయిలర్ ఖరీదు విని మేనేజరుగారికి చెమటలు పట్టాయి. గోడ చవక. అందుకని బాయిలర్‌ను అంగుళం కదపకుండా, దానికీ హోటల్‌కీ మధ్య గోడ కట్టారు. గోడకో కన్నం, కన్నంలోంచి ఆవిరి గొట్టం. కాగితాల మీద గోడ అవతలంతా వేరే కంపెనీ. ఇవతలికి వచ్చేది మనం కొనుక్కున్న ఆవిరి, అవతల మిగిలేది పరాయివాళ్ల పొగ.

గాలి తిరిగినప్పుడల్లా ఆ పొగ గోడ దూకి రిసెప్షన్‌లోకి వచ్చేది. "అది అతిథి పొగ" అని తేల్చేశారు అధికారి. ధ్రువపత్రం ఇచ్చే బృందం విమానంలో వచ్చి, మెచ్చుకుని, విమానంలోనే వెళ్లింది. (విమానం పొగ విమానాలవాళ్లు చూసుకుంటారు.)

బాయిలర్‌తోపాటు బావ కూడా గోడ అవతలే ఉండిపోయాడు. గాలాడక దగ్గు రెట్టింపైంది. ఆస్పత్రికి వెళితే కార్డు చెల్లదన్నారు. అక్క నన్ను వెంటబెట్టుకుని అధికారి మీదికి వెళ్లింది.

"ఏం సార్, పొద్దస్తమానం మీ పొగలోనే చస్తున్నాడు మా ఆయన. కార్డెందుకు పీకేశారు?"

"ఉద్యోగానికేం ఢోకా లేదమ్మా. ఆయన మా పరిధిలో లేరు, అంతే."

"పరిధేంటి సార్? ఆ దగ్గు మీకు వినపడ్డంలేదా?"

వినపడుతూనే ఉంది, గొట్టం పక్క సందులోంచి. నాకు ఒళ్లు మండిపోయింది. (ఆ మంట ఎవరి ఖాతాలో పడుతుందో తెలియక ఊరుకున్నాను.)

"ఇంతకీ దగ్గు దేనివల్లంటున్నారు?" అన్నారు అధికారి.

"పొగవల్లేనని డాక్టరే చెప్పాడు."

ఆయన ఎంతో ఓపిగ్గా గోడకు తగిలించిన ధ్రువపత్రం చూపించారు.

"మా హోటల్లో పొగే లేదు కదమ్మా. మరి దగ్గెక్కడిది?"