రిబ్బన్ అవతల మంచం

"దెబ్బలు తినే పిల్లలూ, తిండి లేని పిల్లలూ ఇకమీదట ఏ ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు. అన్ని శాఖలనూ ఒకే గొడుగు కిందికి తెస్తున్నాం" అని మంత్రిగారు ప్రకటించినప్పుడు నాకు గర్వమనిపించింది. ఆ గొడుగు సప్లై చేసింది నేనే. చిట్యాలలో నాది టెంట్‌హౌస్. బాలల రక్షణ కేంద్రం ప్రారంభోత్సవానికి షామియానా, కుర్చీలు, మైకు మాత్రమే కాదు, లోపల వేసిన మంచాలు కూడా నావే. సర్కారు మంచాల ఫైలు ఇంకా శాఖల మధ్య సమన్వయంలో ఉందట.

ఆ రోజు పొద్దున, మంత్రిగారు ఇంకా రాకముందే, బిక్షమ్మ అనే ముసలామె మనవరాలు మల్లికను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకు తొమ్మిదేళ్లుంటాయి. తాగొచ్చిన తండ్రి కొడితే వీపంతా కమిలిపోయింది. రాత్రి మళ్లీ తాగొస్తాడు, పిల్లను ఇక్కడ పడుకోనివ్వండని సమన్వయాధికారి విజేందర్ సార్‌ను బతిమాలింది. సార్ కరిగిపోయారు. కానీ గుమ్మానికి రిబ్బన్ కట్టి ఉంది.

"మంత్రి సారు రాకముందే పిల్ల లోపలికి పోతే, ఓపెనింగ్ పిల్ల చేసినట్టయితది గద అవ్వా" అన్నారు.

"సన్నపు పిల్ల సారు, కింది నుంచి దూరిపోతది" అంది బిక్షమ్మ.

సార్ వణికిపోయారు. ప్రోటోకాల్ కింది నుంచి దూరడానికి ఏ జీవోలోనూ వీల్లేదు.

మంత్రిగారు వచ్చేదాకా శాఖలు ఊరికే కూర్చున్నాయనుకోకండి. గాయం చూడాలంటే పోలీసు కాగితం కావాలన్నారు డాక్టరుగారు. కాగితం రాయాలంటే ముందు డాక్టరు చూడాలన్నారు ఎస్సైగారు. పిల్ల ఇవాళ బడికెందుకు రాలేదని నిలదీశారు విద్యాశాఖాయన. ముగ్గురూ పక్కపక్క కుర్చీల్లోనే కూర్చుని, ఇదంతా వాట్సాప్ గ్రూపులో చర్చించుకున్నారు. ఇంత సమన్వయం నేను పెళ్లి వియ్యంకుల మధ్య కూడా చూడలేదు. మల్లిక మాత్రం వీపు ఆనించలేక కుర్చీ అంచున కూర్చుంది.

సాయంత్రానికి మంత్రిగారొచ్చారు. శాలువాలయ్యాయి, రిబ్బన్ తెగింది. మల్లికను మంచం మీద కూర్చోబెట్టి, చేతిలో యాపిల్ పెట్టి ఫొటోలు తీశారు. ఏం కావాలి బిడ్డా అని అడిగారు మంత్రిగారు.

"ఈ రాత్రికి ఈడనే పండుకుంట సారు."

మంత్రిగారి కళ్లు తడిశాయి. ఫొటోగ్రాఫర్‌కు అందలేదంటే ఇంకోసారి తడిశాయి. చప్పట్లు మోగాయి.

కాన్వాయ్ హైవే ఎక్కిందో లేదో, మంచాలు ఎత్తమన్నారు విజేందర్ సార్. రేపు నారాయణపేటలో ఇలాంటిదే ఇంకో కేంద్రం, ఈ మంచాలే అక్కడా వెయ్యాలి. ఒక్కటి తప్ప అన్నీ డీసీఎం వ్యానులోకి ఎక్కించాం. ఆ ఒక్కదాని మీద మల్లిక కూర్చుని, లేవనంది. సార్ మీద నాకు ఒళ్లు మండింది. ఈ పిల్ల సంగతేంటి సార్ అని అడిగేశాను.

సార్ కొంచెంసేపు ఆలోచించారు. మామూలు బుర్ర కాదు అది.

"పిల్లను గూడ బండెక్కియ్యి. రేపు గాడ గూడ ఫొటోకు పిల్ల గావాలె గద. ముసల్దాన్ని గూడ ఎక్కియ్యి, పిల్ల ఏడ్వకుంట ఉంటది."

ఆ ఆఖరి మంచం ఎత్తడానికి కదిలాను. మల్లిక మంచం దిగి నా దగ్గరికొచ్చింది.

"నారాయణపేట మా నాయినకు దూరమేనా మామా?"

"శాన దూరం బిడ్డా" అన్నాను.

నేను వంగేలోపే, పిల్ల వెళ్లి మంచం ఒకవైపు ఎత్తి పట్టుకుంది.