పుచ్చు వంకాయ అందరికీ దొరకదు

పుచ్చు లేని వంకాయలు తినేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ల వంకాయలు పురుక్కి కూడా నచ్చలేదు!

నవ్వకండి. అనుభవంతో చెబుతున్నాను. నరసరావుపేటలో ఇరవై రెండేళ్లుగా నాకు పురుగుమందుల షాపు ఉంది. ఏ పురుగు ఏ ఆకు తింటుందో, ఏ మందు కొడితే ఎన్ని గంటల్లో కాళ్లు చాపుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ హోదాలో చెబుతున్నాను: ఇంట్లో నాలుగు పురుగులున్నవాడే అదృష్టవంతుడు.

ఈ జ్ఞానం నాకు పోయిన ఏడాది కలిగింది. మా అమ్మాయి కీర్తి పురిటికి వచ్చింది. కూరగాయలు బాగా తినమంది డాక్టరమ్మ. అంతే, మా ఆవిడ సుభాషిణి వారంలోగా డాబా మీద ముప్ఫై టబ్బులు పెట్టించింది. వంగ, బెండ, టమాటా, గోంగూర. ఆ తర్వాత నన్ను పిలిచి ఒక రూలు పెట్టింది.

"మీ షాపు సీసా ఒక్కటి కూడా ఈ మెట్లెక్కకూడదు."

"ఏందే, నా మందుకేమైంది?" అన్నాను.

"మందుకేం కాలేదు. పిల్లకేం కాకూడదని."

సీసాలేగా అనుకున్నాను. నాలుగు రోజులు పోయాక చొక్కా కూడా మెట్ల కిందే విప్పాల్సొచ్చింది. మందు వాసనకి గోంగూర బెదురుతుందట. డీలర్ల మీటింగులో ముందు వరసలో కూర్చునే మనిషిని, నా డాబా మీదికి నేను బనీనుతో వెళ్లాను. అయినా ఏం, ప్రకృతికి దగ్గరగా బతకాలంటే ముందు చొక్కా విప్పాలి కదా?

ఇక అక్కడి వైద్యం చూడాలి. వేప గింజలు దంచి, ఒక రోజు నానబెట్టి, పాత పంచెలో వడగట్టి మొక్కలకు చల్లేవాళ్లం. పులిసిన మజ్జిగ నీళ్లలో కలిపి ఆకులకు కొట్టేవాళ్లం. పేనుబంక అనే సన్న పురుగులు పట్టిన కొమ్మల మీద కట్టెల బూడిద. తలలు వాల్చిన వంగ కొమ్మలుంటే పురుగుతో సహా తుంచి అవతల పారెయ్యడం. పసుపురంగు అట్టలకి ఆముదం రాసి వేలాడదీస్తే తెల్లదోమలన్నీ వరసగా వచ్చి అంటుకునేవి. మా షాపు ఓపెనింగుకి కూడా అంతమంది రాలేదు.

షాపులో "రెండు గంటల్లో క్లీన్" అనే నోటితోనే డాబా మీద "ఇంకో పది రోజులు చూద్దాం" అనడం నేర్చుకున్నాను. రోజూ పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని ఆకులు తిరగేసి పురుగులు ఏరేవాణ్ణి. ఏరి సబ్బు నీళ్లలో వేసేవాణ్ణి. దానివల్ల ఎన్ని లాభాలనుకున్నారు! వంగి లేచి వంగి లేచి నడుం నొప్పి పోయింది. బీపీ దిగింది. పెళ్లైన ఇరవై ఆరేళ్లలో పోట్లాడకుండా నాలుగు మాటలు అనుకోని మేము, బెండాకు కింద గుడ్లు పెట్టిందెవరన్న విషయం మీద గంటసేపు సామరస్యంగా మాట్లాడుకున్నాం. ఏ కౌన్సెలింగు సెంటరు చేయగలదు ఈ పని?

ఒకరోజు టమాటా కొమ్మ మీద ఎర్రగా, నల్ల చుక్కలతో ఒక పురుగు కనిపించింది. అలవాటు కొద్దీ నలపబోయాను. సుభాషిణి నా మణికట్టు పట్టేసుకుంది. పాణిగ్రహణం నాడు కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

"అది అక్షింతల పురుగండీ. పేనుబంకని తినేది అదే. దాని జోలికి పోమాకండి."

ఇరవై రెండేళ్లుగా పురుగుల్ని చంపడం నేర్పాను గానీ, అందులో మనవాళ్లు కూడా ఉంటారని నాకెవరూ చెప్పలేదు. మా సీసాలకి అసలే తెలియదు.

ఇలా ఉండగా గోపాలకృష్ణయ్య వచ్చాడు. మాచవరం దగ్గర ఆయనకి మిరప చేనుంది, పక్కనే ఎకరం వంగ. పద్దెనిమిదేళ్లుగా నా షాపు తప్ప ఇంకో షాపు మెట్లెక్కలేదు. నన్ను బావా అంటాడు. ఆ రోజు పుచ్చు కాయలు రెండు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

"తొలిచేస్తా ఉంది బావా. పోయినసారి ఇచ్చింది పనిచెయ్యలా. గట్టిది ఇయ్యి."

గట్టిదే ఇచ్చాను. పొద్దున డాబా మీద వేప కషాయం చల్లిన చేతులే, ఇంకా ఆ వాసన పోలేదు. కషాయం సంగతి ఎందుకు చెప్పలేదంటారా? ఏ డాక్టరైనా తన పేషెంటుకి పక్కింటి డాక్టరు అడ్రసు ఇస్తాడా?

ఆ ఆదివారం ఆయన సంచీ పట్టుకుని ఇంటికే వచ్చాడు. కీర్తి పురిటికి వచ్చిందని తెలిసి వంకాయలు తెచ్చాడట. నేను సోఫాలో కూర్చోమంటూనే ఉన్నాను, పైనుంచి సుభాషిణి కేకేసింది.

"అన్నయ్యా, పైకి రండి. మా తోట చూద్దురుగాని."

అలవాటుగా మెట్ల కింద చొక్కా విప్పాను. ఆయన వెనకాలే మెట్లెక్కుతూ నాలుగు అబద్ధాలు తయారు చేసుకున్నాను. ఇది కంపెనీవాళ్ల ట్రయల్ అని ఒకటి, మందు నిన్ననే కొట్టామని ఇంకొకటి. మిగతా రెండూ ఇంతకంటే బలహీనమైనవి.

గోపాలకృష్ణయ్య వంగ మొక్క దగ్గర కూర్చుని ఆకు తిరగేశాడు. వేళ్ల మీదికి అక్షింతల పురుగు ఎక్కింది.

"దీనికి మందు కొట్టలా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ చెప్పేసింది. "ఈయన షాపు సీసా ఈ మెట్లెక్కదన్నయ్యా. అంతా వేప గింజలూ మజ్జిగే."

ఆయన నా వైపు చూశాడు. బనీనుతో ఉన్నాను. పద్దెనిమిదేళ్ల బేరం, బంధుత్వం అక్కడితో సరి అనుకున్నాను. కోప్పడితే బాగుండేది. ఆయన కోప్పడలేదు. సంచీ నేల మీద గుమ్మరించాడు. కాయకొక చిల్లు.

"చూసి తరుక్కోమ్మా, పుచ్చులుంటయ్యి. ఇంటెనక దొడ్లోవి. చేలోవి మీకెట్టా తెస్తాను?"

నా ప్రాణం లేచొచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆ తర్వాత ఎందుకో కాసేపు చూసుకోలేదు. ఆయన కషాయం ఎట్టా చెయ్యాలో సుభాషిణిని అడిగి తెలుసుకున్నాడు. దొడ్లోకేనట.

కీర్తి అక్కడే డాబా మీద కుర్చీలో కూర్చుని అంతా వింటూ ఉంది. "మరి చేలోవి ఏం చేస్తారు మావయ్యా?"

"మార్కెట్టుకి పోతయ్యమ్మా."

"అక్కణ్ణుంచి?"

"ఎవరో కొనుక్కుంటారు. మనకి తెలీనోళ్లు," అన్నాడాయన, చేతులు దులుపుకుంటూ.

ఇందులో దాపరికమేం లేదు, అన్యాయమూ లేదు. పురుగు తిన్న కాయ చుట్టాలకి, పురుగు తిననిది ఊళ్లోవాళ్లకి. ఇంత క్రమశిక్షణ గల పంపిణీ వ్యవస్థ ఏ ప్రభుత్వం పెట్టగలదు? అందుకే అంటున్నాను, ఈ రోజుల్లో పుచ్చు వంకాయ దొరకాలంటే రికమెండేషన్ ఉండాలి. మీకెవరైనా రైతు బావ వరస అవుతాడా? పోనీ అన్నయ్య? ఎవరూ లేకపోతే నిగనిగలాడే వంకాయలతోనే సరిపెట్టుకోండి.

సోమవారం గోపాలకృష్ణయ్య మామూలుగానే షాపుకొచ్చాడు. గట్టిది అడిగాడు, ఇచ్చాను. కషాయం ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కీర్తికి మగపిల్లాడు పుట్టాడు. ఐదో నెలలో హైదరాబాదు వెళ్లిపోయింది. అక్కడ వాళ్లది పన్నెండో అంతస్తు, డాబా లేదు. మొన్న షాపులో ఉండగా ఫోన్ చేసింది. బాబుకి అన్నం, కూర మెత్తగా మెదిపి పెట్టడం మొదలుపెట్టమన్నారట డాక్టరు.

"ఇవాళే కూరగాయలు తెచ్చాను నాన్నా. వంకాయలు ఎంత బాగున్నాయో, అద్దంలా మెరుస్తున్నాయి."

"ఎక్కడివి?"

"మార్కెట్టులోవి. ఎవరు పండించారో ఎవరికి తెలుసు?"

కౌంటర్ అవతల ఇద్దరు రైతులు నిలబడి ఉన్నారు, గట్టిది కావాలని. సీసాలు నా చేతిలోనే ఉన్నాయి.

"బాగా కడుగమ్మా," అన్నాను.

"ఎన్నిసార్లు కడిగితే పోతుంది నాన్నా? నీకు తెలిసే ఉంటుందిగా."

సీసా తిప్పి లేబుల్ మీద అచ్చు చదివాను. ఎకరానికి ఎంత కలపాలో ఉంది. పిల్లాడికి పెట్టేముందు ఎన్నిసార్లు కడగాలో లేదు.