దయ్యాలను ఇంట్లోనే చేసుకోవాలి!

దుకాణంలో దయ్యాన్ని కొనుక్కునేవాళ్ళని చూస్తే నాకు జాలి. డబ్బు పారేసి ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని తెచ్చి వాకిట్లో నిలబెడితే అది హాలోవీన్, దయ్యాల పండగ, అవుతుందా? దయ్యమన్నాక మన చేతులతో, మన జిగురుతో, మన దుప్పట్లు చింపి చేసుకోవాలి. అప్పుడే సంసారం పచ్చగా ఉంటుంది!

నమ్మరా? మా ఇంటికి రండి. ఒహాయోలో మా వీధి చివర ఇల్లు. మా ఆయన వెర్నన్ స్కూలు బస్సులు బాగుచేస్తాడు. సెప్టెంబరు ఎండ కాస్త తగ్గిందంటే చాలు, ఆయన ఒంట్లోకి కళ ప్రవేశిస్తుంది. ఇక అక్టోబరు ముప్పయ్యొకటి దాకా ఆయన నాకు మొగుడు కాడు, కళాకారుడు.

దీనివల్ల ఇల్లాలికి కలిగే లాభాలు అన్నీ ఇన్నీ కావు. మొదటిది, బీరువా ఖాళీ అవుతుంది. నా పొడవు మేజోళ్ళన్నీ సాగి సాగి వరండా స్తంభాల మధ్య సాలెగూళ్ళయ్యాయి. మా పెళ్ళికి మా పెద్దత్త ఇచ్చిన తెల్ల దుప్పటి గంజిలో మునిగి, బెలూన్ మీద ఆరి, ఇప్పుడు మేపుల్ చెట్టుకి దయ్యమై వేలాడుతోంది. ఉతికే పని తప్పిందా లేదా?

వంట కూడా తగ్గుతుంది. వంటబల్ల మీద ఫోమ్ పలకలతో చెక్కిన సమాధులు ఆరుతున్నప్పుడు అక్కడ కూర తరగమని ఎవరంటారు? గుడ్ల అట్టపెట్టెలతో గబ్బిలాలు చెయ్యాలి కాబట్టి మూడు పూటలా గుడ్లే తిన్నాం. టాయిలెట్ పేపరు లోపలి అట్టగొట్టాలతో కొవ్వొత్తులు చెయ్యాలి కాబట్టి చుట్టలన్నీ విప్పేశాడు. కాగితం బాత్రూములో గుట్టగా పడి ఉంది. ఎవరికి కావలసినంత వాళ్ళు ఎత్తుకోవడమే. ఇంత స్వేచ్ఛ ఏ ఇంట్లో ఉంది చెప్పండి!

బాత్రూమ్ అన్నాను కనుక ఓ చిన్న మాట. మా బాత్రూమ్ వీధి తలుపుకి ఎదురుగా, నడవ చివర ఉంటుంది. దాని తలుపుకి గొళ్లెం ఊడిపోయి కొన్నేళ్ళయింది. మూసినా మెల్లగా తనంతట తానే తెరుచుకుంటుంది. అందుకే నేను లోపల ఉన్నంతసేపూ ఒక కాలు తలుపుకి ఆనించి, గొంతెత్తి భక్తిగీతాలు పాడుతుంటాను. మా పాస్టరుగారు ఓసారి సోఫాలో కూర్చుని విని, మీ భక్తి గొప్పదమ్మా అన్నారు. చూశారా, ఆధ్యాత్మిక లాభం కూడా!

ఈ ఏడు వెర్నన్ శవపేటిక చేశాడు. పాత చెక్కలు చిత్రిక పట్టి, ఇత్తడి బందులు వేసి, పైన మెరిసే గొళ్లెం బిగించాడు.

"డార్లీన్, ఒకసారి ఇలా రావే! మూత వేసి చూడు. వెన్నలా పడుతుంది!"

వేశాను. నిజంగా వెన్నలానే పడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంత పనితనం ఉన్నవాడివి, ఆ బాత్రూమ్ తలుపుకి ఒక్క గొళ్లెం పెట్టొచ్చుగా?"

"బాత్రూమ్ చూడ్డానికి ఎవరొస్తారే? శవపేటికైతే ఊరంతా చూస్తుంది!"

ఇంట ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, అదన్నమాట. నాకు ఒళ్ళు మండింది. అయినా ఈ వ్యాసం హాలోవీన్‌ని మెచ్చుకోవడానికి రాస్తున్నది కనుక ఆ సంగతి వదిలేద్దాం.

పండగ సాయంత్రం రానే వచ్చింది. పిల్లలు రకరకాల వేషాలతో, మిఠాయిల కోసం సంచులు చాచి గుమ్మం ముందు బారులు తీరారు. వెర్నన్ శవపేటిక మూత తీసి, వేసి, తీసి చూపిస్తున్నాడు. ఒక్క పిల్లకాయా భయపడలేదు. "లోపల ఎవరూ లేరేంటి అంకుల్?" అని ఒకడు పెదవి విరిచాడు.

సరిగ్గా అప్పుడే, పండగ చూడ్డానికి వచ్చిన పక్కింటి గ్రెచెన్ పెద్దమ్మ మంత్రగత్తె టోపీ పెట్టుకుని మా బాత్రూములోకి వెళ్ళింది. చర్చిలో పాటల బృందాన్ని ముప్పుతిప్పలు పెట్టే మనిషి ఆవిడ. మా ఇంటి కాలు ఆనించే పద్ధతి పాపం ఆవిడకి తెలియదు. తలుపు మెల్లగా తెరుచుకుంది. నడవ చివర, వెలుగులో, టోపీతో సహా కూర్చుని ఉన్న గ్రెచెన్, గుమ్మంలో ఉన్న పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు.

ఆవిడ వేసిన కేక వీధి ఆ చివరిదాకా వినిపించింది! పిల్లలు సంచులు వదిలేసి పరుగు. వెర్నన్ ముఖం వెలిగిపోయింది.

"అబ్బ! ఇంత భయం నా సమాధులు కూడా పెట్టలేదు! పెద్దమ్మా, వచ్చే ఏడు కూడా వచ్చి కూర్చుంటావా?"

గ్రెచెన్ టోపీ సర్దుకుంటూ బయటికొచ్చింది.

"వెర్నన్! రేపటికల్లా ఈ తలుపు బాగుచెయ్యకపోతే ఆదివారం చర్చిలో లేచి నిలబడి, నీ ఇంటి భాగోతమంతా నేనే చెప్తా. ఏమనుకున్నావో!"

మర్నాడు ఆయన పనిముట్ల పెట్టె తీశాడు. శవపేటిక గొళ్లెం ఊడదీసి బాత్రూమ్ తలుపుకి బిగించాడు. ఏం పనితనం! సూది మోపే సందు లేకుండా తలుపు పడుతోంది. ఒక్కటే చిక్కు. గొళ్లెం బయటివైపు ఉంది.

"లోపలున్న మనిషి ఎలా వేసుకోవాలయ్యా?"

"దానికేముంది? నన్ను పిలువు, వచ్చి వేస్తా!"

శవపేటికలు చేసి చేసి, లోపలున్నవాళ్ళకి కూడా అవసరాలుంటాయన్న సంగతి పాపం ఆయనకి గుర్తులేదు. పెళ్ళినాటి నుంచీ నేను ఈ ఇంటి లోపలే ఉన్నాను కదా, ఇక నేనెలా గుర్తుంటాను?

ఇవాళ పొద్దున ఆయన స్నానానికి వెళ్ళాడు. నేను పిలవకుండానే వెళ్ళి బయట గొళ్లెం వేశాను. తర్వాత తీరిగ్గా కాఫీ పోసుకుని ఈ వ్యాసం మొదలుపెట్టాను.

"డార్లీన్! తలుపు తియ్యవే! డ్యూటీకి టైమవుతోంది!"

"సింకు పక్కన ఇంకో గొళ్లెం, మరలు, స్క్రూడ్రైవరు పెట్టాను చూడు. లోపలివైపు బిగించు. ఆ తర్వాత తీస్తా."

కాసేపు తలుపు బాదాడు. ఇంకాసేపు నన్నూ, గ్రెచెన్‌నీ, పండగనీ కలిపి తిట్టాడు. ఇప్పుడు చప్పుడు మారింది. మరలు బిగుస్తున్నాయి, సన్నగా ఈల కూడా వినిపిస్తోంది. నేను ముందే చెప్పలేదూ, చేతిపని అంటే మా ఆయనకి ప్రాణం!