అత్తగారి మరణవార్తలు

"ఆపరేషన్ వద్దన్నాను కదా. ఎన్నిసార్లు చెప్పాలిరా," అన్నారు అత్తగారు. ఆ ఉదయం అది నాలుగోసారి.

"పొర తీసేస్తారు, అంతే. పావుగంట పని," అన్నాడు కొడుకు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "ఎల్లుండి తప్పితే మళ్ళీ తేదీ ఎప్పుడిస్తారో తెలీదు. ఎడమ కన్ను ఇప్పటికే సగం పోయింది."

"రాసిపెట్టి ఉన్నదానికి ఎదురెళ్ళకూడదు."

కారణం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్ జరగాల్సిన ఆసుపత్రి పేరుతోనే ఆవిడ ఫోనుకు పది రోజులుగా మెసేజీలు వస్తున్నాయి. మొదటిది, 'మీరు మరణించినట్టు నమోదైంది. మా సానుభూతి.' అరగంటకు ఇంకోటి, 'మీరు కోలుకుని ఇల్లు చేరినందుకు సంతోషం.' ఆవిడ తన నాడి తానే పట్టుకుని చూసుకున్నారు. అద్దం ముందు నిలబడ్డారు. పొర కమ్మిన కంటికి అద్దంలో మనిషి పలచగా, అటువైపు గోడ కనిపించేటట్టు ఉంది.

రెండు రోజులు ఏమీ వచ్చేది కాదు. మూడో రోజు మధ్యాహ్నం, ఇల్లంతా సద్దుమణిగాక, బల్ల మీద ఫోను ఒక్కసారి వణికేది. పక్కగదిలో కోడలి కీబోర్డు చప్పుడు వినిపిస్తూంటే, "నేనింకా ఉన్నానా అమ్మా" అని అడగబోయి ఊరుకునేవారు.

పక్కగదిలో కోడల్నీ ఏదో పట్టుకుని పీడిస్తోంది. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టరు. ఆ ఆసుపత్రి కొత్త ప్రోగ్రాముకు ఆమె రాసిన ఎనిమిది పరీక్షలను కంప్యూటరు ఒకేసారి నడుపుతుంది. ఒకటి ఉత్తుత్తి రోగిని చేర్చుకుంటుంది, ఒకటి ఇంటికి పంపుతుంది, ఒకటి చనిపోయినట్టు రాస్తుంది. విడిగా నడిపితే అన్నీ నెగ్గుతాయి. కలిపి నడిపితే ఎనిమిదోది ఎప్పుడో ఒకసారి తప్పుతుంది. మళ్ళీ నడిపితే ఏమీ ఎరగనట్టు నెగ్గుతుంది. ప్రోగ్రాము రేపే అప్పగించాలి.

కొడుకు ఆఫీసుకు వెళ్ళాక ఆమె పట్టుబట్టి ముప్పైసార్లు నడిపింది. గంటలో అత్తగారు నాలుగుసార్లు పోయి మూడుసార్లు కోలుకున్నారు. ఐదోసారి మెసేజీ ఊళ్ళోనే ఉన్న అత్తగారి కూతురికి వెళ్ళింది, 'మీ అమ్మగారి భౌతికకాయాన్ని తీసుకువెళ్ళండి.' ఆమె తిన్నగా ఆసుపత్రికి పరుగెత్తింది. అక్కడ లేరన్నారు. "లేకపోతే ఎక్కడికి పోతుంది" అని వాళ్ళతో పోట్లాడి అన్నకు ఫోను చేసింది. ఇద్దరూ ఏడుస్తూ వచ్చి తలుపు కొడితే, అత్తగారే తీశారు.

కూతురు మెల్లగా తల్లి చెయ్యి ముట్టుకుని చూసింది.

"వెచ్చగానే ఉందిరా అన్నయ్యా."

"నాకూ అదే అనుమానం," అన్నారు అత్తగారు. మందుల పుస్తకం తెచ్చి చూపించారు. తేదీ, గంట, నిమిషం. వాటి పక్కన 'పోయాను', 'ఉన్నాను'.

గదిలోంచి వచ్చిన కోడలు ఆ పేజీ చూసి తెల్లబోయింది.

"పరీక్షల్లో మీ ఫోను నంబర్లు పెట్టింది నేనే. ఉత్తుత్తి నంబర్లు ప్రోగ్రాము తీసుకోవడం లేదని మన ఇంట్లోవాళ్ళవి ఇచ్చాను. మెసేజీలు బయటికి పోకుండా ప్రోగ్రాములో తలుపులాంటిది మూసే ఉంటుంది కదా అనుకున్నాను."

ఆమె పుస్తకాన్ని కంప్యూటరు పక్కన పెట్టి నిమిషానికి నిమిషం సరిచూసింది. ప్రతి 'పోయాను' వేళకూ ఎనిమిదో పరీక్ష నడుస్తూ ఉంది. కోడలి సొంత ఫోనుకు మెసేజీ నిజంగా వెళ్తుందో లేదో చూడడానికి అది ఆ తలుపు క్షణంసేపు తెరుస్తుంది. తలుపేమో ఎనిమిదింటికీ ఒక్కటే. ఆ క్షణంలో పక్క పరీక్ష రాసిన చావు కూడా బయటికి జారిపోయేది. ఒకటి వెళ్ళాల్సిన చోట రెండు వెళ్ళాయని ఎనిమిదోది తప్పేది.

"పది రోజులు వెతికాను అత్తయ్యా. మీరు రాసిపెట్టుకుని కూర్చున్నారు."

"పోయినదాన్ని నువ్వు మాత్రం ఏం అడుగుతావులే."

ఎనిమిదో పరీక్షకు వేరే తలుపు పెట్టి సాయంత్రం దాకా వందసార్లు నడిపింది. ఒక్కటీ తప్పలేదు. అత్తగారి ఫోను వణకలేదు.

భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక అత్తగారు నెమ్మదిగా చెప్పారు. "ఆపరేషన్ చేయించుకుంటాను."

కొడుకు హమ్మయ్య అనుకున్నాడు.

"ఆ ఆసుపత్రిలో మాత్రం కాదు. చీటీ చేత్తో రాసుకునే డాక్టరెవరైనా ఉంటే చూడండి."

అందరికంటే ముందు తల ఊపింది కోడలు.